మూడు దూరాలు, ఒక్క కన్ను

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైనప్పటి నుంచీ తెలుగు ప్రేక్షకుడికి కౌబాయ్ పరిచయస్థుడే. హాలీవుడ్ వెస్టర్న్‌లు కూడా చూసినవాళ్లకు అతని గుర్రం జీనుకు వేలాడే రైఫిల్ సైతం తెలుసు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని కిందికి తోసి పైకి లాగితే పేలిన తూటా తొడుగు ఎగిరి బయటపడుతుంది, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. లీవర్ యాక్షన్ రైఫిల్ అంటే అదే. తెర మీద హీరో దాన్ని నడుం దగ్గర పట్టుకునే పేల్చేస్తాడు. గురి చూసే పని పెట్టుకోడు. అయినా ఒక్కటీ తప్పదు.

తెర బయట అంత సులువు కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెర దించింది. అమెరికాలో మాత్రం లైసెన్సు తీసుకుని జింకలను వేటాడటం ఇప్పటికీ చట్టబద్ధమే. ఆకులు రాలే కాలం రాగానే మిషిగన్, పెన్సిల్వేనియా, మోంటానా అడవుల్లోకి తాతల నాటి లీవర్ రైఫిళ్లు బయల్దేరతాయి. అక్కడి తుపాకుల మరమ్మతుదారుల దగ్గరికి తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. పాతికేళ్ల వయసులో చక్కగా గురి కుదిరిన రైఫిలే యాభైకి చేరువయ్యేసరికి మొండికేస్తోంది. తూటా మారలేదు, దూరం మారలేదు, చేయి వణకడం లేదు, బ్యారెల్ అరగలేదు. గుండ్లు మాత్రం అట్ట మీద చెల్లాచెదురుగా పడుతున్నాయి.

తప్పు సాధారణంగా బ్యారెల్ మీద కూర్చున్న చిన్న ఇనప రేకుదే. దానిపేరు వెనక సైటు. దాన్ని మార్చడానికి కావలసినవి స్క్రూడ్రైవరు, ఇత్తడి పోటు, ఆకురాయి, టేపు లాంటి చిన్న పనిముట్లే. ఏది పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తులో పెట్టాలి అన్నది తేలాలంటే మాత్రం ముందు కంటి సంగతి తెలియాలి.

కంటికి చేతకాని పని

ఒక కన్ను మూసుకుని, చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, దాని మీదుగా దూరంలో ఉన్న సెల్‌టవర్ వైపు చూడండి. గోరు తేటగా కనబడితే టవర్ అలుక్కుపోతుంది. టవర్ తేటపడితే గోరు మసకబారుతుంది. కంటి లోపలి కటకం ఒక క్షణంలో ఒక్క దూరానికే సర్దుకోగలదు. కుర్రవాళ్లకు రెండూ ఒకేసారి కనిపిస్తున్నట్టే ఉంటుంది కానీ అది భ్రమ. వాళ్ల కటకం మెత్తగా ఉండటంవల్ల అటూ ఇటూ క్షణాల్లో మారిపోతుంది, మారిన సంగతి వాళ్లకే తెలియదు.

మామూలు సైట్లున్న రైఫిల్‌తో గురిచూసేవాడికి దూరాలు రెండు కాదు, మూడు. గాడి ఉన్న వెనక సైటు కంటికి సుమారు 45 సెంటీమీటర్లలో ఉంటుంది. బ్యారెల్ చివరన ముందు సైటు సుమారు 85 సెంటీమీటర్లలో. లక్ష్యమేమో వంద మీటర్లలో. ఈ మూడింటినీ ఒకే గీత మీదికి తేవాలి, మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. అందుకే గురిపాఠం చెప్పేవాళ్లంతా ఒకే మాట చెబుతారు: చూపు ముందు సైటు మీద పెట్టు, మిగతావి మసకగా ఉంటే ఉండనీ.

ఆ మసక ఎంతో లెక్క కట్టవచ్చు. పగటి వెలుగులో కనుపాప సుమారు 3 మిల్లీమీటర్లు తెరుచుకుని ఉందనుకుందాం. చూపు ముందు సైటు మీద నిలిస్తే, వంద మీటర్ల అవతల ఉన్న ఒక్కో బిందువూ దాదాపు 35 సెంటీమీటర్ల వెడల్పున అలుక్కుని కనిపిస్తుంది. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ. అలాగని గుండు అంత దూరం తప్పుతుందని కాదు. మసకగా కనిపించే వస్తువు నడిమధ్యను పోల్చుకోవడంలో మెదడు దిట్ట. అసలు చిక్కు వెనక సైటుతోనే వస్తుంది. గాడి అంచులు మసకబారితే ముందు సైటుకు అటొక సందు, ఇటొక సందు సమానంగా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి ఆధారమే మిగలదు.

నలభై దాటాక చత్వారం వస్తుంది. కటకం బిరుసెక్కి దగ్గరి వస్తువులకు సర్దుకోలేకపోతుంది. వెనక సైటు ఉండేది సరిగ్గా పేపరు పట్టుకుని చదివే దూరంలో కాబట్టి మొదటి దెబ్బ దానికే తగులుతుంది. మరో పదేళ్లకు ముందు సైటూ కరిగిపోవడం మొదలవుతుంది.

కొమ్ముల సైటు ఎందుకొచ్చింది?

లీవర్ రైఫిళ్ల కథలో రెండు పేర్లు తప్పవు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ మోడల్ 1894 ఒకటి. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో 2006 వరకు తయారైన ఈ రైఫిళ్ల సంఖ్య 70 లక్షలు దాటింది. రెండోది 1948లో వచ్చిన మార్లిన్ 336. ఇలాంటి రైఫిళ్లమీద ఫ్యాక్టరీ నుంచి ఎక్కువగా వచ్చేది ‘సెమీ బక్‌హార్న్’ అనే సైటు. నడుమ యూ ఆకారపు చిన్న గాడి, దానికి రెండు వైపులా లోపలికి వంగిన కొమ్ములు, కింద మెట్లు మెట్లుగా కోసిన చిన్న పట్టీ. పట్టీని ముందుకు జరిపితే సైటు ఒక మెట్టు లేస్తుంది, వెనక్కి లాగితే దిగుతుంది.

ఇది చవక, గట్టిది. జీను సంచిలో గుర్రంతోపాటు ఎగిరెగిరి పడినా చెక్కుచెదరదు. దాని మీద ఉన్న గౌరవమంతా అక్కడితో ఆపాలి. గురిచూసేటప్పుడు ఆ కొమ్ములు లక్ష్యం కింది సగాన్నీ, పక్కనున్న పొదల్నీ కప్పేస్తాయి. ఎత్తు సవరణ మెట్ల లెక్కనే తప్ప మధ్యలో ఆగదు. అంతకన్నా పెద్ద లోపం, అది ఉన్నచోటు. గాడి కంటికి మరీ దగ్గరైతే పూర్తిగా మసకబారిపోతుంది కాబట్టి దాన్ని బ్యారెల్ మీద చాలా ముందుకు జరపాల్సి వచ్చింది. ముందుకు జరిపిన కొద్దీ రెండు సైట్ల మధ్య ఎడం తగ్గింది. ఆ ఎడం తగ్గితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

టెలిస్కోపు పెట్టుకోవచ్చు కదా? పాత వించెస్టర్ 1894 ఖాళీ తొడుగులను నేరుగా పైకి విసురుతుంది. నడినెత్తిన టెలిస్కోపు పెడితే దానికే తగులుతాయి. పక్కకు విసిరే ఏర్పాటు 1980ల మొదట్లో గానీ రాలేదు. మార్లిన్ మొదటి నుంచీ పక్కకే విసురుతుంది గనక దానికి ఆ అడ్డు లేదు. అయితే ఈ రైఫిల్‌ను మోసేవాడు సరిగ్గా దాని నడుమును పిడికిట పట్టుకుని నడుస్తాడు. పట్టు చిక్కే ఆ చోటునే టెలిస్కోపు ఆక్రమిస్తుంది.

పైగా ఈ తుపాకీ చాలా దూరం కొట్టడానికి పుట్టలేదు. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారుగా కూర్చుంటాయి. మొన సూదిగా ఉంటే అది ముందున్న తూటా అడుగున ఉండే పేలుడు టోపీకి ఆనుకుంటుంది, కుదుపులో పేలే ప్రమాదముంది. అందుకని మొన చదునుగా చేశారు. చదును మొన గాలిని చీల్చలేదు, త్వరగా వేగం కోల్పోతుంది. ‘థర్టీ-థర్టీ’ అనే పేరున్న తూటాను వంద గజాలకు గురి కుదిరిస్తే, రెండు వందల గజాల దగ్గర గుండు సుమారు 20 సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. నూట యాభై మీటర్ల లోపు పనికి మంచి ఇనప సైట్లు సరిపోతాయి. ‘మంచి’ అన్న మాట దగ్గరే అసలు విషయమంతా ఉంది.

రంధ్రం చేసే రెండు పనులు

కనెక్టికట్‌లోని మిడిల్‌ఫీల్డ్‌కు చెందిన విలియం లైమన్ 1879లో ఒక వెనక సైటుకు పేటెంటు తీసుకున్నాడు. గాడిని తీసేసి దాని బదులు గుండ్రటి రంధ్రం పెట్టాడు. దాన్ని బ్యారెల్ మీద కాకుండా కంటికి బాగా దగ్గరగా, చెక్కపిడి మొదట్లో నిలబెట్టాడు. గాడిని చూడాలి. రంధ్రాన్ని చూడనక్కర్లేదు, దానిలోంచి చూస్తే చాలు. ఈ రకాన్నే పీప్ సైటు అంటారు.

దీనివల్ల మొదట జరిగేది, మూడు దూరాల్లో ఒకటి లెక్కలోంచి జారిపోవడం. కంటికి దగ్గరగా ఉన్న రంధ్రం ఎలాగూ మసక వలయంలాగే కనిపిస్తుంది. ఆ వలయం నడిమధ్యకు ముందు సైటు తేవడం మెదడుకు అలవాటైన పని, ప్రత్యేకంగా కష్టపడదు. అంచులు కొలవాల్సిన పనిలేదు, సందులు సరిచూడాల్సిన పనిలేదు. మొదటిసారి పీప్ సైటు పట్టుకున్నవాళ్లు వలయాన్ని పట్టిపట్టి మధ్యకు తేవాలని చూస్తారు, అనవసరంగా అలసిపోతారు.

రెండోది వెలుగుకు సంబంధించింది. కంట్లో మసక ఎందుకొస్తుందంటే, ఒకే బిందువు నుంచి వచ్చిన కిరణాలు కనుపాప ఈ అంచు నుంచీ ఆ అంచు నుంచీ దూరి, రెటీనా మీద ఒకేచోట కలవకుండా కాస్త పరుచుకుంటాయి కాబట్టి. దారి ఎంత వెడల్పయితే పరుపు అంత. రంధ్రం కనుపాప కన్నా చిన్నదైతే అంచుల నుంచి వచ్చే వాలు కిరణాలు ఆగిపోతాయి. ఇందాకటి లెక్కనే మళ్లీ వేస్తే, 1.3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి చూసినప్పుడు వంద మీటర్ల దగ్గరి 35 సెంటీమీటర్ల అలుకుడు 15కు తగ్గుతుంది. ముందు సైటు, లక్ష్యం రెండూ ఒకేసారి తేటగా ఉన్నట్టే అనిపిస్తాయి. చత్వారం వచ్చినవాడికి ఇది కళ్లజోడు లేని కళ్లజోడు.

[చేసి చూడండి

విజిటింగు కార్డుకు గుండుసూదితో ఒక రంధ్రం పొడవండి. కళ్లజోడు తీసేసి, ఒక కన్ను మూసి, రంధ్రాన్ని రెండో కంటికి దగ్గరగా పెట్టుకుని గోడ మీది క్యాలెండరు చూడండి. అంతవరకూ ముద్దగా ఉన్న తేదీలు విడివడి కనిపిస్తాయి. గది మాత్రం చీకటిగా అనిపిస్తుంది. కంటి డాక్టర్లు కూడా రంధ్రాలున్న నల్లటి రేకుతో ఇదే పరీక్ష చేస్తారు. దానిలోంచి చూపు మెరుగుపడితే అద్దాలతో సరిచేయగలిగిన లోపమని, మెరుగుపడకపోతే కారణం ఇంకెక్కడో వెతకాలని వాళ్లకు తెలిసిపోతుంది.]

రంధ్రం ఎంత ఉండాలి?

క్యాలెండరు పరీక్షలో గది చీకటైంది కదా, ఆ చీకటే ఇక్కడ బేరం కుదర్చాల్సిన విషయం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా జింకల వేటకు అనుమతి ఉంటుంది. జింకలు ఎక్కువగా మెసిలేదీ ఆ రెండు వేళల్లోనే. మునిమాపు వేళ కనుపాప 6 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. దాని ముందు 1.3 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే కంట్లోకి చేరే వెలుగు ఇరవయ్యో వంతు. మధ్యాహ్నం రేంజిలో అద్భుతంగా పనిచేసిన సైటు, చీకటిపడే వేళ అడవిలో నల్లటి బిళ్లగా మారుతుంది.

అందుకే మిషిగన్‌లోని డేవిసన్ పట్టణపు విలియమ్స్ లాంటి కంపెనీలు రంధ్రపు బిళ్లను విడిగా, మర తిప్పి తీసేలా ఇస్తాయి. 1.3 మిల్లీమీటర్లది, 2.4ది, 3.2ది ఇలా రకరకాలుగా దొరుకుతాయి. వెలుగు తగ్గితే బిళ్ల విప్పి జేబులో వేసుకుంటారు, మిగిలిన పెద్ద కన్నంలోంచి చూస్తారు. అరిజోనాలో తుపాకీ శిక్షణ కేంద్రం నడిపిన జెఫ్ కూపర్ ఈ పెద్ద కన్నాన్నే ‘గోస్ట్ రింగ్’ పేరుతో బాగా ప్రచారం చేశాడు. పల్చటి అంచున్న పెద్ద వలయం, చూస్తుంటే గాలిలో కరిగిపోయినట్టు ఉంటుంది. టెక్సస్‌లోని ఎక్స్ఎస్ సంస్థ లీవర్ రైఫిళ్లకు చేసే గోస్ట్ రింగుల్లో దాదాపు 5 మిల్లీమీటర్ల కన్నం ఉన్నది ఒకటి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి, అమ్మకందారులు దీన్ని దాటేస్తుంటారు. పగటిపూట 3 మిల్లీమీటర్ల కనుపాప ముందు 5 మిల్లీమీటర్ల కన్నం పెడితే వాలు కిరణాలు వేటినీ అది ఆపదు. మసక తగ్గించే గుణం గోస్ట్ రింగులో లేదు. గాడిని సరిచూసుకునే పని తప్పిస్తుంది, సైట్ల మధ్య ఎడం పెంచుతుంది, అంతే. చత్వారం కోసమే సైటు మార్చేవాడు చిన్న బిళ్ల కూడా పట్టేదాన్ని కొనాలి.

మరీ చిన్నదైతే మరో తంటా. మిల్లీమీటరు కన్నా బాగా తగ్గితే, రంధ్రపు అంచుల దగ్గర వెలుగే వంగి విస్తరించి కొత్త మసక తెస్తుంది. దీపాల వెలుగు నిలకడగా ఉండే పోటీ రేంజుల్లో సన్న రంధ్రాలు బాగా నప్పుతాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి టెలిస్కోపు నిషిద్ధం. వెనక రంధ్రం, ముందు వలయం, అంతే సాధనం. అట్ట నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు.

మేస్త్రీ దారం

గోడ కట్టే తాపీమేస్త్రీ వరస సరిచూడటానికి దారాన్ని పక్కపక్క ఇటుకలకు కట్టడు, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతాడు. దారం కట్టిన మేకులు దగ్గరైతే ఒక మేకు వెంట్రుకవాసి జరిగినా దారం చాలా పక్కకు పోతుంది. దూరమైతే అదే పొరపాటు తేలిపోతుంది. రెండు సైట్లూ ఆ రెండు మేకులే.

పొట్టి బ్యారెల్ ఉన్న లీవర్ రైఫిల్ మీద ఫ్యాక్టరీ సైట్ల మధ్య ఎడం 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గాడిలో ముందు సైటు పావు మిల్లీమీటరు పక్కకు ఒరిగితే వంద మీటర్ల దగ్గర గుండు 6 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. వెనక సైటును రిసీవర్ మీదికి, అంటే యంత్రభాగమున్న ఇనప పెట్టె వెనక కొసకు తెస్తే ఎడం 60 సెంటీమీటర్లవుతుంది, తప్పు 4 సెంటీమీటర్లకు దిగుతుంది. లైమన్ పద్ధతిలో పిడి మొదట్లో ‘టాంగ్ సైటు’ నిలబెడితే ఇంకాస్త లాభం. కానీ అది కంటికి మరీ చేరువ. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమకు తగలొచ్చు, బొటనవేలికీ అడ్డొస్తుంది. పాత రైఫిల్ అందం చెడకూడదనుకునేవాళ్లు, పోటీల్లో కాల్చేవాళ్లు దాన్ని ఇష్టపడతారు. అడవికి మోసేవాడికి రిసీవర్ సైటే హాయి.

ఇదే దారిలో సైన్యాలూ నడిచాయి. మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీనాట్‌త్రీ రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఆ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మీద వెనక సైటు బ్యారెల్ మీద, గాడి రూపంలో ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తెచ్చిన నంబర్ 4 మీద అది రంధ్రంగా మారి రిసీవర్ వెనక్కి జరిగింది. అమెరికా తన స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్‌కు 1942 నాటి మోడల్‌లో అచ్చం ఇదే మార్పు చేసింది. అప్పటికే గారండ్ రైఫిల్ రంధ్రపు సైటుతోనే పుట్టింది.

ముందు సైటు మోసాలు

కొనేవాళ్ల ధ్యాసంతా వెనక సైటు మీదే. నిజానికి చూపు నిలిచేది ముందు సైటు మీద, తేడాలు చేసేదీ ఎక్కువగా అదే.

చాలా లీవర్ రైఫిళ్ల కొసన ఇత్తడి పూస ఉంటుంది. సాయంత్రం ఎండ ఎడమ నుంచి వాలినప్పుడు ఆ పూసను గమనించండి. గుండ్రటి ముఖం మీద ఎడమ అంచు ధగధగ మెరుస్తుంది, కుడి సగం నీడలో కలిసిపోతుంది. కన్ను ఆ మెరుపునే పూసగా భావించి లక్ష్యం మీద పెడుతుంది. పూస అసలు మధ్య అప్పటికి లక్ష్యానికి కుడిపక్కన ఉంటుంది, గుండు కుడికి పోతుంది. ఉదయం కుదిరిన గురి సాయంత్రం తప్పడానికి ఇదొక కారణం. గుండు ఎప్పుడూ వెలుగుకు దూరంగా జరుగుతుందని అనుభవజ్ఞులు గుర్తుపెట్టుకుంటారు.

విరుగుడు సులభం. పూస ముఖం చదునుగా ఉన్నది, లేదా చదును ముఖపు నల్లటి నిలువు కడ్డీ ఎంచుకోవాలి. చీకటి పొదల మీద కనబడేందుకు కడ్డీ నడుమ తెల్లగీత ఉన్నవీ దొరుకుతాయి. పైన గొట్టంలాంటి తొడుగు ఉంటే ఎండ నేరుగా పడదు, దెబ్బ తగిలినా సైటు వంగదు. వెలుగును పోగుచేసి మెరిసే ఫైబర్ ఆప్టిక్ పోగులు మబ్బురోజున బాగుంటాయి. మంచి ఎండలో చుక్క ఉబ్బినట్టు కనిపిస్తుంది, ప్లాస్టిక్ పోగు విరగనూ విరుగుతుంది. ముందుచూపున్నవాడు చదును కడ్డీ దగ్గరే ఆగుతాడు.

వెడల్పు సంగతీ చూడాలి. 1.6 మిల్లీమీటర్ల పూస 85 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే వంద మీటర్ల దగ్గర 19 సెంటీమీటర్లు కప్పేస్తుంది. 2.4 మిల్లీమీటర్లదైతే 28. సన్నగా ఉంటే సూక్ష్మంగా గురిచూడొచ్చు, లావుగా ఉంటే పరుగెత్తే జింక మీద త్వరగా అందుతుంది.

బిగించే పని

మొట్టమొదట తుపాకీ ఖాళీ చేయాలి. లీవర్ రైఫిల్‌లో గొట్టపు మ్యాగజైను పైకి కనబడదు, ఒక తూటా లోపలే చిక్కుకుని ఉండొచ్చు. లీవర్ చాలాసార్లు ఆడించి, తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను వేరే గదిలో పెట్టాలి.

తర్వాత పాత వెనక సైటు. అది బ్యారెల్‌కు అడ్డంగా కోసిన డవ్‌టెయిల్ గాడిలో, అంటే పైన ఇరుకుగా కింద వెడల్పుగా ఉండే గాడిలో, బిర్రుగా కూర్చుని ఉంటుంది. మెట్ల పట్టీని ముందు లాగేయాలి. రైఫిల్‌ను తోలు పరిచిన వైస్‌లో బిగించి, ఇత్తడి పోటుతో సైటు అడుగుభాగం మీద కొట్టాలి. ఉక్కు పోటు వాడితే బ్యారెల్ మీద గీతలు పడతాయి. కాల్చేవాడి వైపు నుంచి చూస్తూ ఎడమ నుంచి కుడికి కొట్టి తీయడం, కుడి నుంచి ఎడమకు కొట్టి ఎక్కించడం అమెరికన్ రైఫిళ్లకు ఆనవాయితీ. మొదట్లో కదలదు. కొడుతూ కొడుతూ ఉండగా చప్పుడు మారుతుంది, ఖణేల్‌మనడం తగ్గి మొద్దుగా మోగుతుంది, సైటు వెంట్రుకవాసి జారుతుంది. అక్కడి నుంచి దెబ్బలు తేలిక చేయాలి. ఖాళీ అయిన గాడిని మూసే చదును బిళ్ల దొరుకుతుంది, దాన్ని అదే పద్ధతిలో ఎక్కించాలి.

కొత్త సైటు గాడిలో దూరకపోతే ఆకురాయి పెట్టాల్సింది సైటు అడుగుకే, బ్యారెల్ గాడికి కాదు. సైటు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మూడు పలకల ఆకురాయికి ఒక పలక పళ్లను సానబట్టి తీసేసి వాడితే ఏటవాలు అంచులు చెడవు. చేత్తో తోస్తే మూడో వంతు దాకా దూరి, మిగతాది పోటుతో వెళ్లేంత బిర్రు సరైనది.

రిసీవర్ సైటుకు స్క్రూ కన్నాలు కావాలి. మార్లిన్ 336 లాంటి వాటిలో ఫ్యాక్టరీ కన్నాలను చిన్న మూత స్క్రూలతో మూసి ఉంచుతారు. అవి విప్పి, కన్నాల్లో నూనె పూర్తిగా తుడిచి, స్క్రూలకు మర వదులవకుండా పట్టి ఉంచే నీలిరంగు లాక్‌టైట్ జిగురు ఒక్క చుక్క రాసి బిగించాలి. వెంటనే లీవర్ నెమ్మదిగా ఆడించి చూడాలి. స్క్రూ ఒక్క మర ఎక్కువ పొడవున్నా లోపలికి పొడుచుకొచ్చి బోల్టును గీకుతుంది. రిసీవర్ మీద కన్నాలు లేని పాత వించెస్టర్‌ను మాత్రం డ్రిల్లు ముందు పెట్టకూడదు. ముఖ్యంగా 1964కు ముందు తయారైన వాటికి సేకర్తలు మంచి ధర ఇస్తారు, ఒక్క కొత్త కన్నం ఆ ధరను కోసేస్తుంది. అలాంటి రైఫిల్‌కు పిడి మొదట్లో కన్నాలుంటే వాటినే వాడుకునే టాంగ్ సైటో, డవ్‌టెయిల్ గాడిలోనే కూర్చునే చిన్న పీప్ సైటో వెతకడం మేలు.

కాగితం మీద తేలే ఎత్తు

సైటు మార్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రంధ్రపు సైటు పాత గాడికన్నా ఎత్తులో కూర్చుంటుంది. వెనక భాగం లేస్తే గుండూ పైకి లేస్తుంది. సైటును అట్టడుగుకు దించినా గుండు ఇంకా పైకే పోతుంటే ముందు సైటు ఎత్తు పెంచక తప్పదు. వెనక సైటును ఎటు జరిపితే గుండు అటు వెళుతుంది. ముందు సైటుకు అంతా తలకిందులు: దాని ఎత్తు పెంచితే గుండు దిగుతుంది, అరగదీస్తే గుండు లేస్తుంది.

ఎంత పెంచాలో ఊహించక్కర్లేదు. 50 మీటర్ల దగ్గర గుండు 12 సెంటీమీటర్లు పైకి పోతోందనుకుందాం, సైట్ల మధ్య ఎడం 60 సెంటీమీటర్లు. ఆ 60 సెంటీమీటర్లు 50 మీటర్లలో ఎనభై మూడో వంతు. కాబట్టి సవరణ కూడా 12 సెంటీమీటర్లలో ఎనభై మూడో వంతు, అంటే సుమారు 1.4 మిల్లీమీటర్లు. పాత ముందు సైటు ఎత్తును వెర్నియర్‌తో కొలిచి, 1.4 కలిపి, అంతకన్నా కొంచెం ఎత్తైనది తెప్పించుకోవాలి. ఎత్తు ఎక్కువైతే అరగదీయవచ్చు, తక్కువైతే అతికించలేం.

ఈ లెక్క వేసేముందు కనీసం అయిదు గుండ్లు ఆనిక మీద పెట్టి కాల్చి, వాటి మధ్యబిందువు కొలవాలి. ఒక్క గుండును నమ్ముకుని సైటు కొంటే డబ్బు దండగ. తూటా రకం మారితే ఎత్తూ మారుతుంది కాబట్టి సీజనులో వాడబోయే తూటాతోనే ఈ పని చేయాలి.

కళ్లజోడు వాడేవాళ్లు కంటి నుంచి ముందు సైటు దాకా దూరాన్ని టేపుతో కొలిపించుకుని ఆ అంకెను ఆప్టోమెట్రిస్టుకు చెబితే, ఆ దూరం కూడా తేటపడేలా విడిగా ఒక జత రాసిస్తారు. ప్రోగ్రెసివ్ అద్దాలు ఇక్కడ పనికిరావు. తుపాకీ మీద చెంప ఆనించినప్పుడు చూపు వెళ్లేది అద్దం పై అంచులోంచి, దగ్గరి చూపు పవరు ఉండేది కింద.

ఆకురాయి పని రేంజిలోనే సాగాలి. రెండు మూడు సార్లు రుద్దడం, మూడు గుండ్లు కాల్చి చూడటం, మళ్లీ రుద్దడం. 50 మీటర్ల దగ్గర గుండ్లు అనుకున్నచోటికి ఇంకా రెండు మూడు సెంటీమీటర్లు కిందే పడుతుండగా ఆకురాయి పక్కన పెట్టేయాలి. ఆ మిగిలిన తేడాను వెనక సైటు మరతో తీర్చుకోవచ్చు. రుద్దినచోట బయటపడిన తెల్లటి లోహానికి నల్లరంగు మందు పూసి, మరో ఇరవై గుండ్ల తర్వాత స్క్రూలు వదులయ్యాయేమో ఒకసారి తిప్పి చూడాలి.